ఉక్కు వంతెనల పగుళ్లు పెరుగుతున్నాయో లేదో కొలవండి: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

ఉక్కు వంతెనల తనిఖీ అంటే చాలావరకు కళ్లతో చూసి రాసే నివేదికే. రంగు చిట్లి, తుప్పు చార దిగాక పగులు కనబడుతుంది. అప్పటికే అది చాలా దూరం పాకి ఉంటుంది. ఇంకా పెరుగుతోందా, ఆగిపోయిందా అన్నది మాత్రం కంటికి అందదు. అది చెప్పగల ఎలక్ట్రోకెమికల్ ఫెటీగ్ సెన్సార్లను (పదేపదే పడే లోడుతో పెరిగే పగుళ్లను కరెంటు మార్పుతో పట్టే పరికరాలను) తనిఖీ నిబంధనల్లో చేర్చమని కోరుతున్నాం. కొని అతికించినంత మాత్రాన పని జరగదు కాబట్టి, టెండరులో ఏం రాయాలో కూడా చెబుతున్నాం.

సెన్సార్ అంటే అంచుల్లో జిగురున్న చిన్న గుల్ల, లోపల ఒక ఎలక్ట్రోడ్. రంగు, తుప్పు గీకేసిన లోహం మీద దాన్ని అతికించి, ఎలక్ట్రోలైట్ (కరెంటును ప్రవహింపజేసే ద్రవం) నింపి, గర్డరుకూ (వంతెన దూలానికీ) ఎలక్ట్రోడుకూ మధ్య స్థిరమైన చిన్న వోల్టేజీ పెడతారు. ఉక్కు మీద పలుచని పొర కట్టి, కరెంటు నిలకడకు వస్తుంది. ఇక బండ్లు వెళ్లే కొద్దీ కరెంటు లోడుతోపాటు లేచి పడుతుంది. పెరిగే పగులుంటే, దాని మొన దగ్గర ఆ పొర మళ్లీ మళ్లీ తెగి తాజా లోహం బయటపడుతుంది. ఆ జాడ లోడు ఫ్రీక్వెన్సీకి (లోడు పడి లేచే వేగానికి) రెట్టింపు దగ్గర కనిపిస్తుంది.

అనుమానమున్న వెల్డు అంచున ఒక సెన్సార్, దగ్గర్లోనే పగులుకు ఆస్కారం లేని చోట పోల్చుకోవడానికి ఇంకొకటి ఉండాలి. ఈ రెండోది లేని రీడింగుకు బిల్లు చెల్లించకండి.

గాలి బుడగ మిగిలినా, అంచున ద్రవం కారినా, కరెంటు కుదురుకోకముందే రికార్డు చేసినా సిగ్నల్ పాడవుతుంది. అన్నిటికన్నా ప్రమాదం ట్రాఫిక్ ఆపి కొలవడం. లోడు లేకపోతే పగులు నోరు తెరవదు, రిపోర్టులో మాత్రం ‘లోపం లేదు’ అని వస్తుంది.

ఎక్కడ అతికించాలో ముందు లెక్క కట్టాలి: కవర్ ప్లేటు (దూలం మీద అదనంగా వెల్డు చేసిన పలక) చివరి వెల్డులు, స్టిఫెనరుకూ (దూలాన్ని గట్టిపరిచే పలక) ఫ్లేంజికీ (దూలం పైన, కింద ఉండే అడ్డ పలక) మధ్య వదిలిన వెబ్ (దూలం నిలువు పలక) భాగం. అక్కడ ఒత్తిడి హెచ్చుతగ్గులు రెట్టింపైతే ఆయుష్షు సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సెన్సార్ అందని చోట్లూ ఉంటాయి. 1967 డిసెంబరు 15న అమెరికాలో 46 మందిని బలిగొన్న సిల్వర్ బ్రిడ్జి పగులు లోతు రెండున్నర మిల్లీమీటర్లే, అదీ ఐబార్ (వంతెనను మోసే, చివర రంధ్రమున్న ఉక్కు పట్టీ) రంధ్రం లోపల దాగి ఉంది. అలాంటి జాయింట్లు అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాల) పరీక్షకైనా అందుతాయో లేదో విడిగా చూడాలి.

‘పెరుగుతోంది’ అని తేలితే ఫైలు కదలడానికి గడువు పెట్టండి. మాగ్నెటిక్ పార్టికల్ (అయస్కాంత శక్తితో ఇనుప పొడి వాడే) పరీక్షతో మొన ఎక్కడుందో పట్టి, అది పూర్తిగా పోయేలా రంధ్రం చేయాలి. డై పెనెట్రెంట్‌తో (పగుళ్లలోకి ఇంకే రంగు ద్రవంతో) సరిచూసి, తర్వాత సెన్సార్‌తో మళ్లీ కొలవాలి. ఆ రంధ్రం పగులును నిలబెడుతుందే తప్ప, దానికి కారణమైన ఒత్తిడిని తగ్గించదు. కాబట్టి ఆ జాయింటును బలపరిచే పని కూడా అదే ఒప్పందంలో ఉండాలి.

ఎలక్ట్రోలైట్ కడిగి, గీకిన చోట మళ్లీ రంగు వేసేదాకా చివరి చెల్లింపు ఆపండి. వట్టిగా వదిలేస్తే అక్కడే తుప్పు గుంటలు పడి కొత్త పగులు మొదలవుతుంది.

ఇట్లు,
ఉక్కు కట్టడాల తనిఖీ ఇంజినీర్లు