సూచీ కోలుకుంటే మన షేరు కోలుకున్నట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

మార్కెట్ నెలల తరబడి దిగజారుతుంటే బిజినెస్ పేజీల్లో నిపుణులు చెప్పే మాట ఒకటే: ‘కంగారుపడి అమ్మకండి, ఓపిక పట్టండి.’ ఒక్కరోజులో కుప్పకూలినప్పుడు ఆ మాట సరే. కానీ ఏడాదికి పైగా కొద్దికొద్దిగా కరిగిపోయే మార్కెట్‌లో, నేను చూసినంతలో, చిన్న మదుపరులు అమ్మాల్సినదాన్ని కూడా పట్టుకుని వేలాడతారు.

నా సంగతే చెబుతాను. మొదట్లో గంటకోసారి యాప్ తెరిచేవాణ్ణి. ఎప్పుడు చూసినా నష్టాన్ని చూపే ఎరుపే కనబడటంతో అది రోజుకోసారి, తర్వాత వారానికోసారి అయింది. చివరికి నోటిఫికేషన్లు కూడా ఆపేశాను. ఆలోపే ఒక షేరును నాలుగుసార్లు ‘యావరేజ్’ చేశాను. పడినప్పుడల్లా మరికొన్ని కొంటే సగటు ధర తగ్గుతుంది కదా! సగటు తగ్గిన మాట నిజమే, ఆ ఒక్క కంపెనీలో ఇరుక్కున్న డబ్బు మాత్రం రెండింతలైంది. ఈలోగా డబ్బు అవసరమైతే లాభంలో ఉన్న రెండు షేర్లు అమ్మేశాను. దీన్ని మాత్రం ‘కొన్న రేటు వచ్చాక’ వదిలించుకుందామనుకున్నాను. ఆ కొన్న రేటు నా ఖాతాలో తప్ప ఇంకెక్కడా లేదు.

లాభాలను త్వరగా అమ్ముకుని నష్టాలను దాచుకునే ఈ అలవాటు గురించి షెఫ్రిన్, స్టాట్‌మన్ అనే పరిశోధకులు 1985లోనే రాశారు.

ఓపికకు సాక్ష్యంగా పాత పతనాలను చూపిస్తుంటారు. 1929 సెప్టెంబరులో 381 దగ్గరున్న అమెరికా డౌజోన్స్ సూచీ (కొన్ని పెద్ద కంపెనీల షేర్ల ధరలను కలిపి చూపే అంకె) 1932 జులైకి 41కి పడింది. పాత గరిష్ఠాన్ని దాటింది 1954 నవంబరులో. జపాన్ సూచీ నిక్కీ 1989 డిసెంబరు నాటి గరిష్ఠాన్ని 2024 ఫిబ్రవరిలో గానీ దాటలేదు. మధ్యలో డివిడెండ్లు, అంటే కంపెనీలు పంచే లాభాల వాటాలు వచ్చాయి, తక్కువ ధరల్లో నెలనెలా కొన్నవాళ్లు ముందే తేరుకున్నారు, అది వేరే సంగతి. అసలు కోలుకున్నది సూచీ. అది చితికిన కంపెనీలను తీసేసి, ఎదిగేవాటిని చేర్చుకుంటూ పోతుంది. నా ఖాతాలో ఆ పని నేనే చేయాలి, నేనేమో యాప్ మూసేసి కూర్చున్నాను. 90 శాతం పడిన షేరు పాత ధరకు రావాలంటే ఉన్న ధరకు పదింతలు కావాలి.

అందుకే మీకో మనవి. ‘ఓపిక పట్టండి’ అని రాసినప్పుడు అది సూచీలోని షేర్లనే కలిపి కొనే ఇండెక్స్ ఫండ్ ఉన్నవాళ్లకా, విడి షేర్లు కొన్నవాళ్లకా చెప్పండి. అప్పు చేసి కొన్నవాళ్లకు అది పనికిరాదనీ రాయండి. మార్జిన్ మీద, అంటే కొంత సొంత డబ్బు పెట్టి మిగతాది బ్రోకరు దగ్గర అప్పు తీసుకుని కొన్నాక ధర హద్దు దాటి పడితే, అదనపు సొమ్ము కట్టలేనివాడి షేర్లను బ్రోకరే అమ్మేస్తాడు. ఇంక ఓపిక పట్టేదెక్కడ?

నా షేరు ఇంకా నా దగ్గరే ఉంది. ఇవాళ చేతిలో డబ్బుంటే దీన్ని కొత్తగా కొంటానా అని నిన్న రాత్రి నన్ను నేను అడిగి చూసుకున్నాను. కొనను. అయినా ఇంకా అమ్మలేదు.

— ఒక పాఠకుడు