మేక గురించి కాదు, 13 కిలోమీటర్ల గురించి

విశాఖపట్నం,
నవంబరు 12, రాత్రి

ప్రియమైన సింగిల్ కాలమ్‌కు,

నీ ఉత్తరం శ్రావణంలో వచ్చింది, నేను కార్తీకంలో జవాబు రాస్తున్నాను. డెడ్‌లైన్ దాటిన వార్తను మర్నాటి ఎడిషన్‌కు తోసేసే అలవాటు పదవీ విరమణ తరువాత కూడా నన్ను వదలలేదు కాబట్టి, ఎప్పటిలాగే తిట్టి క్షమించు. ఇంట్లో అందరం క్షేమం. మా ఆవిడకు మోకాళ్ల నొప్పి తగ్గింది, నాకు మొదలైంది. చిన్నవాడు మళ్లీ ఉద్యోగం మారాడు. మేక క్షేమమా అని నువ్వు అడగకముందే చెబుతున్నాను, దాని సంగతి చివర్లో వస్తుంది.

అసలు సంగతి వేరే ఉంది. నాలుగు రోజులుగా అది గొంతులో ముల్లులా ఉంది, నీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను.

ఈ ఏడాది ఇక్కడి పాత్రికేయ మిత్రులు ఉత్తరాంధ్ర విలేకరులకు అవార్డులు పెట్టి, నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. జాతీయ పత్రికా దినం కాబట్టి నవంబరు 16న సభ. నాతోపాటు ఒక విశ్వవిద్యాలయంలో జర్నలిజం బోధించే మేడం ఒకరు, సంపాదకుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన ఒకరు. ఆయనే అధ్యక్షుడు. మొత్తం 43 ఎంట్రీలు వచ్చాయి. జిల్లాలు 13 నుంచి 26 అయిన సంగతి నిర్వాహకుల దరఖాస్తు ఫారానికి ఇంకా తెలియకపోవడం వల్ల, పార్వతీపురం మన్యంవాళ్లు కొందరు విజయనగరమనీ కొందరు శ్రీకాకుళమనీ రాసి, పక్కన బాణం గుర్తులు వేసి వివరణలు ఇచ్చుకున్నారు. పేర్లు మాకు కనబడకుండా బైలైన్ల మీద నల్ల సిరా పూశారు గాని, కాగితాన్ని ట్యూబ్‌లైటుకు ఎత్తిపడితే ప్రతి అక్షరమూ చదవవచ్చు. పెద్దాయన మొదటి అరగంటలోనే ఆ పని చేశారు, రెండో అరగంటలో నేనూ చేశాను.

ఎంట్రీలు ఎలా ఉంటాయో నీకు చెప్పనక్కరలేదు. మనం కూడా ఎ4 కాగితం మీద మైదా జిగురుతో కటింగు అంటించి, పత్రిక పేరూ తేదీ కనిపించేలా పైన మాస్ట్‌హెడ్ ముక్క అతికించి, అది ఆరేదాకా డెస్కు ఫ్యాను కింద కాపలా కాసినవాళ్లమే కదా. స్టేట్స్‌మన్ పత్రిక 1979 నుంచి ఇస్తున్న గ్రామీణ రిపోర్టింగు అవార్డు కోసం నువ్వు ఇంగ్లీషు అనువాదం చేయించబోయినప్పుడు కొండ పల్లెను చెప్పే ‘గూడ’ అన్న మాటను ఆ మాస్టారు ‘గూడు’ అనుకుని పక్షి గూడని రాసిన ముచ్చట గుర్తుందా? ఇప్పుడు కటింగులకు బదులు ఈ-పేపర్ పేజీలూ వీడియోలూ వస్తున్నాయి, అయినా ‘కథనం ప్రభావం’ అన్న గడి మాత్రం మారలేదు. పైపు పగిలిందని ఒకరు రాస్తే, మర్నాడు ఎవరో దానికి గోనెసంచి చుడితే, మూడోనాడు ఆ పత్రికలో ‘మా ఎఫెక్ట్’ అని వచ్చిన ముక్కను అందరూ రక్షరేకులా జత చేస్తున్నారు.

గ్రామీణ విభాగంలో మా ముగ్గురికీ మొదట నచ్చింది 17వ ఎంట్రీ. సీతంపేట కొండల్లో ఒక గూడలో నీళ్ల ట్యాంకు కట్టారు, రంగు వేశారు, శిలాఫలకం పెట్టారు, పైపు మాత్రం కలపలేదు. ఆగస్టులో ఒక స్టాఫ్ రిపోర్టరు దాని మీద మెయిన్‌లో, అంటే ప్రధాన సంచికలో, ఆరు కాలాల కథనం రాశాడు, రెండు వారాల్లో నీళ్లు వచ్చాయి. చక్కని ఇంట్రో, అధికారుల వివరణ, అంచనాల లెక్క, అన్నీ ఉన్నాయి. నేను 100కు 86 మార్కులు వేశాను.

తరువాత 31వ ఎంట్రీ చేతికొచ్చింది. అదే పత్రిక, ఆ ప్రాంతానికే పరిమితమైన జోన్ పేజీ, జూన్ నెల, పేరు లేదు, సింగిల్ కాలమ్. అవును, నవ్వుకో. అదే గూడ, అదే ట్యాంకు. పంపినవాడు అక్కడి మండల కంట్రిబ్యూటరు. ఆ వార్త తనదేనని బ్యూరోను ధ్రువపత్రం అడగడానికి ధైర్యం చాలలేదో, అడిగితే ఇవ్వలేదో గాని, దానికి బదులుగా, అచ్చయిన కొలతను బట్టి కంట్రిబ్యూటరుకు డబ్బు లెక్కకట్టే లైన్ అకౌంటు చీటీ జెరాక్సు తీసి జత చేశాడు. అందులో తేదీ, శీర్షికలో మొదటి రెండు మాటలు, ఎదురుగా ‘11 సెం.మీ.’ అని ఉన్నాయి. పదకొండు సెంటీమీటర్లకు ఎంత వచ్చి ఉంటుందో నువ్వు వేళ్ల మీద లెక్క కట్టగలవు. ‘కథనం ప్రభావం’ గడిలో అతను రాసిన వాక్యం నాకు కంఠతా వచ్చేసింది: “ఇంతకుముందు ట్యాంకు కింద గేదెలను కట్టేవారు, నీళ్లు పడుతున్నాయి గనుక ఇప్పుడు వేరేచోట కడుతున్నారు.” నలభై ఏళ్లు వార్తలు దిద్దాను, ఆ వాక్యాన్ని దిద్దడానికి నా చేయి రాలేదు.

అయినా అప్పుడు నేను వేసింది 61 మార్కులే. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టినది మేడం. రెండింట్లోనూ ఒక ముసలమ్మ మాట ఉంది. జూన్ వార్తలో ఆమె, “ఈ టేంకీ మాకు నీడిచ్చింది గానీ నీల్లివ్వనేదు” అంటుంది. ఆగస్టు కథనంలో అదే ముసలమ్మ, “ఈ ట్యాంకు మాకు నీడనిచ్చిందే తప్ప నీళ్లివ్వలేదు” అని వాచకం అప్పజెప్పినట్లు మాట్లాడుతుంది. పెద్దాయన తల అడ్డంగా ఊపి, ఒకే మనిషి ఇద్దరు విలేకరులకు ఒకే మాట చెప్పి ఉండవచ్చునన్నారు. అది నిజమే, అలా జరుగుతుంది.

అప్పుడు నాకు కనిపించింది ఆ అంకె. జూన్ కటింగులో, గూడకు రోడ్డు నుంచి 13 కిలోమీటర్లు నడవాలని అచ్చయింది. ఆ 13లోని ఒకటిని బాల్‌పెన్నుతో కొట్టేసి, పక్కన మార్జినులో ‘3’ అని రాసి ఉంది. ఆగస్టు ఆరు కాలాల కథనంలో, రెండో పేరా మధ్యలో, “13 కిలోమీటర్ల కొండదారిలో నడిచి వెళ్తే” అని దర్జాగా ఉంది.

నేను వెంటనే ఫోను చేయమన్నాను. మేడం స్పీకరు పెట్టి, ఎవరు పోటీ చేశారో చెప్పకుండా, ఆ దిద్దుబాటు ఎందుకని అడిగారు. అతను ఒకటే కంగారు. “మూడేనండి మేడం. నేను మూడనే పంపాను, డెస్కులో పదమూడైపోయింది. తప్పు నాదనుకుని మార్కులు తగ్గిస్తారేమోనని దిద్దానండి. అలా దిద్దకూడదాండి?” అన్నాడు. తరువాత అదే వార్త మెయిన్‌లో పెద్దగా వచ్చింది కదా, నీకేమీ అనిపించలేదా అంటే, “డెవలప్ చేశారండి” అన్నాడు. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. ఆ మాట వినగానే నువ్వు పాలకొండ బస్టాండులో కండక్టరు చేతికి వార్తలున్న ప్రెస్ కవరు ఇస్తూ నిలబడినట్లు అనిపించింది.

నడవని మనిషికే మూడు పదమూడవుతుంది. కొండ ఎక్కినవాడు తప్పు అచ్చును చూసి నవ్వుకుంటాడు, ఎక్కనివాడు దాన్ని నమ్మి రెండో పేరాలో పెట్టుకుంటాడు. ఈ ముక్క నేను పైకే అన్నాను, మేడం మెచ్చుకున్నారు, నేనూ కాస్త ఉబ్బిపోయానని ఒప్పుకుంటున్నాను.

పెద్దాయన మాత్రం కుర్చీ వెనక్కి వాలి, అమెరికాలో పాత్రికేయులకిచ్చే పులిట్జర్ బహుమతి కథ ఎత్తుకున్నారు. 1981లో వాషింగ్టన్ పోస్ట్ విలేకరి జానెట్ కుక్‌కు, హెరాయిన్‌కు అలవాటుపడ్డ ఎనిమిదేళ్ల పిల్లవాడి మీద రాసిన కథనానికి ఆ బహుమతి ప్రకటించారు. ఆమె బయోడేటాలో చెప్పుకొన్న చదువులు, అంతకుముందు పనిచేసిన టొలీడో పత్రికవాళ్లకు తెలిసిన వివరాలతో పొసగకపోవడంతో తీగ లాగారు, డొంకంతా కదిలింది, ఆ పిల్లవాడే లేడని తేలింది, బహుమతి వెనక్కి వెళ్లింది. “అది కల్పన. ఇక్కడ ట్యాంకు ఉంది, గూడ ఉంది, నీళ్లూ వచ్చాయి. ఒక అంకె తప్పు పడితే నేరమా?” అన్నది ఆయన వాదన. దాని మీద ఇంకొకటి కూడా అన్నారు, అదే నన్ను ఇప్పటికీ తొలుస్తోంది. జూన్‌లో పదకొండు సెంటీమీటర్లు అచ్చయినప్పుడు ఒక్క ఇంజినీరూ కదలలేదు, ఆగస్టులో ఆరు కాలాలు వచ్చాకే పైపు వేశారు, మరి ప్రభావానికి మార్కులు ఎవరికి వేయాలి?

మేడం ఊరుకోలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన సంగతి జిల్లా పేజీలకెక్కి, ఊరూరూ పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది కదా, ఆ ఊరి నుంచి మొదటి కవరు పంపిన విలేకరి పేరు ఈ బల్ల చుట్టూ ఉన్న ముగ్గురిలో ఎవరికైనా తెలుసా అని అడిగారు. ఎవరమూ జవాబు చెప్పలేదు. “జూన్ లేకుండా ఆగస్టు వచ్చిందా?” అని ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

ఓట్లు ఒకటికి ఒకటి. ఇద్దరూ నా వైపు చూశారు.

తప్పును పట్టుకున్నవాణ్ని నేనే కదా, ఎవరి పేరు చెప్పి ఉంటానని నీకు అనిపిస్తోంది? నేను గొంతు సవరించుకుని, టీ చెప్పమన్నాను. టీ తాగి, పలాస జీడి కార్మికుల చేతుల మీద వచ్చిన 8వ ఎంట్రీని ఎత్తి చూపాను. అది మంచి కథనమే సుమా. గింజ పెంకులోని నూనెకు నల్లబడి తొక్కలూడే వేళ్లను దగ్గర నుంచి చూసి రాశాడు, నేను వేసిన 82 మార్కులు దొంగ మార్కులు కావు. కాని ఆ క్షణంలో నేను దాన్ని ఎత్తుకున్నది దాని గొప్పతనం చూసి కాదు, దాని వెనక దాక్కోవడానికి. పెద్దాయనకు పంతం నెగ్గకపోయినా పరువు దక్కింది, మేడం నన్ను ఒకసారి చూసి సంతకం పెట్టారు. మొదటి బహుమతి జీడిపప్పుకు పోయింది. మన కంట్రిబ్యూటరుకు ‘ప్రత్యేక ప్రశంస’ అన్నారు. అంటే శాలువా, కాగితం, నగదు లేదు. స్టాఫ్ రిపోర్టరుకు ఏమీ లేదు, అతని పత్రికకు ఏ సంగతీ తెలియపరచలేదు.

నిన్న ఆ కుర్రాడు ఫోను చేసి పదిసార్లు కృతజ్ఞతలు చెప్పాడు. సభ వార్త రాయడానికి వాళ్ల పత్రిక నుంచి ఎవరొస్తున్నారో తెలుసా? ఆ 13 కిలోమీటర్ల ఆయనే. అంతేకాదు, మండలంలో నలుగురు పెద్దలను పట్టుకుని అభినందన ప్రకటన తెమ్మని పత్రిక ఏజెంటు ఆ కుర్రాడికి చెప్పాడట. తన అభినందనల ప్రకటనకు తానే డబ్బులు వసూలు చేసుకోవాలి! ఇద్దరం నవ్వుకున్నాం, అతను నిజంగానే నవ్వాడు.

ఇక మేక.

1997లో నువ్వు నాగావళి రేవు గురించి పంపిన కవరు నా బల్ల మీదికి రాత్రి ఎనిమిదింటికి వచ్చింది. ఒకే పడవలో బడికి పోయే పిల్లలు 37 మంది, ఒక మేక. ఆ మేకను కొట్టేశాను, స్థలం లేదని నీతో చెప్పాను. మిగిలినదాన్ని జిల్లా పేజీలో సింగిల్ కాలమ్ చేశాను. నెల తరువాత నేనే ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని వెళ్లి ఆదివారం అనుబంధంలో నా పేరుతో పెద్దగా రాశాను. నేను రేవుకైతే వెళ్లాను, అది నిజం, ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కాని ఆ కథనంలో రెండో పేరా నీది. ‘పడవ ఒడ్డు తగిలాక పిల్లల్లో మొదట దిగేది పుస్తకాల సంచి’ అన్న వాక్యం నీ చేతివ్రాతలో ఇప్పటికీ నా కళ్లకు కడుతోంది. ఆ వాక్యాన్ని చదివే ఆ సంవత్సరం నాకు అవార్డు ఇచ్చారు. నువ్వు నాలుగో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టావు. ఆ రాత్రి వాన పడుతుంటే బస్టాండులో నా శాలువా తీసి నీ నెత్తిన కప్పాను, ఎవరిదో వారికి చేరింది అని నువ్వు నవ్వావు. అది నువ్వు తెలిసే అన్నావా, లేక ఊరికే

మేడం ఫోను. ప్రశంసాపత్రంలో 31వ ఎంట్రీ పేరు తప్పు పడిందట, అచ్చుకు పోయేలోగా దిద్దాలట, ఇప్పుడే రమ్మంటున్నారు. మళ్లీ వచ్చి రాస్తే ఈ ఉత్తరం సంక్రాంతికి గాని నీకు చేరదు, కాబట్టి ఇలాగే పోస్టులో వేసేస్తున్నాను. ఆ శాలువా ఇంకా ఉందో లేదో రాయి.

నీ
బాక్స్ ఐటమ్