7కి 5 వస్తే 71 శాతం కాదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

ఐబీ, అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ చదువుల సంస్థ వాళ్ల మిడిల్ ఇయర్స్ ప్రోగ్రామ్, అదే ఎంవైపీ, గురించి మన విశాఖలో తల్లిదండ్రులు మాట్లాడుకునేది ఎక్కువగా ఫీజుల సంగతే. మార్కులు ఎలా వేస్తారని అడిగేవాళ్లు తక్కువ, అడిగినా విడమరిచి చెప్పే స్కూళ్లు ఇంకా తక్కువ.

11 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసం 1994లో వచ్చిన ఈ చదువులో నూటికి ఇన్ని అనే లెక్కే లేదు. ప్రతి సబ్జెక్టులో నాలుగు అంశాలు, ఒక్కోదానికి 8, మొత్తం 32. సైన్సే తీసుకోండి, పాఠం అర్థమైందా, ప్రయోగాన్ని సొంతంగా రూపొందించగలరా, వచ్చిన ఫలితాలను సరిగ్గా విశ్లేషించారా, ఆ సైన్సు వల్ల జనానికి ఏమవుతుందో చెప్పగలరా అని విడివిడిగా చూస్తారు. 32లో 19 నుంచి 23 వస్తే గ్రేడు 5, 28 ఆపైన వస్తే అన్నింటికన్నా పై గ్రేడు 7.

మా మేనకోడలికి సైన్సులో 5 వచ్చింది. మా వదిన 71 శాతమేనా అని కంగారుపడి, వారం తిరక్కుండా ద్వారకానగర్‌లో ఫౌండేషన్ ట్యూషన్‌లో పడేసింది. తీరా చూస్తే మిగతా మూడింట్లో 6, 6, 7 ఉన్నాయి, ప్రయోగం రూపొందించే దగ్గరే 3. ట్యూషన్‌లో చేయించేదేమో బిట్లు! ఎన్ని బిట్లు చేస్తే ప్రయోగం వస్తుంది? వదిననీ అనలేం, పేరెంట్ మీటింగ్‌లో శాతం ఎంతండీ అంటే టీచరే నోటిలెక్కగా 71 అన్నారట.

చివరి ఏడాది పర్సనల్ ప్రాజెక్టుదీ ఇదే కథ. అందులో చూసేది పిల్లలు ఎలా ప్లాన్ చేసుకున్నారు, ఎలా పని చేశారు, ఏం నేర్చుకున్నారు అని. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి చేపలు ఎందుకు పాడవుతున్నాయో అడిగి పిల్ల సొంతంగా రాసుకున్న నోట్సుకి ఉన్న విలువ, డబ్బులిచ్చి చేయించిన థర్మోకోల్ కురుసుర సబ్‌మెరైన్‌కి ఉండదు. అయినా చేయిస్తున్నాం.

రేపు ఇంటర్‌లో చేర్చాలంటే శాతం అడుగుతారు కదా అంటారేమో. అడిగితే అప్పుడు స్కూలు చేత కాగితం మీద రాయించుకోవచ్చు, ఎనిమిదో తరగతి పిల్లకి ఇప్పట్నుంచీ ఆ టెన్షన్ ఎందుకు?

స్కూళ్లు రిపోర్టులో గ్రేడు పక్కనే ఆ నాలుగు అంకెలూ కొట్టొచ్చినట్టు వేయాలి, మీటింగ్‌లో వాటిని తెలుగులో చెప్పాలి. లక్షల్లో కట్టించుకుంటున్నారు, ఓ గంట కేటాయించలేరా?

— ఒక మేనత్త, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం