మృగశిర నుంచి మృగశిర దాకా

బుజ్జీ,

పోయిన ఆదివారం ఫోన్లో "ఏడాదిగా అన్ని రాస్తున్నావు కదమ్మా, ఏం రాశావో నాలుగు ముక్కలు చదువు" అన్నావు. చదవబోయే లోపు నీకు ఆఫీసు కాల్ వచ్చింది. మంచిదే అయింది. నీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది, అది ఫోన్లో సగం సగం చెప్పేది కాదు. అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదువు, అల్లుడుగారికీ చూపించు.

మొన్న జూన్ 8కి, రోజూ రాసుకునే నా మొదటి పుస్తకం ఏడాది పూర్తి చేసుకుంది. ఉగాదికో, జనవరి ఒకటికో మొదలుపెడితే లెక్క బాగుండేదని మీ నాన్న గొణుగుతారు. ఈ ఊళ్లో కొత్త సంవత్సరం మృగశిర కార్తెకే వస్తుందని ఆయనకీ తెలుసు. రోహిణిలో రోళ్లు పగిలే ఎండ అయ్యాక, తొలకరి పడ్డాక, గింజ గురించి మాట్లాడుకోవడం మొదలయ్యాకే ఇక్కడ ఏడాది మొదలైనట్టు. నేను గుంటూరు టౌన్లో పెరిగిన దాన్ని. కార్తెలంటే క్యాలెండర్లో తిథి కింద చిన్న అక్షరాల్లో వేసేవి, అంతవరకే తెలుసు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు ఒక కార్తె అనీ, ఏడాదికి అవి ఇరవై ఏడనీ మీ నాన్నమ్మ బతికుండగా చెప్పేది గానీ చెవికెక్కలేదు. ఇక్కడ "ఆగస్టు మూడో వారం" అంటే ఎవరికీ పట్టదు. "మఖ పడ్డాక" అంటే అందరికీ తెలుస్తుంది. అందుకని నా పుస్తకంలో నెలల బదులు కార్తెలే పెట్టుకున్నాను.

మొదటి పేజీలు నీకు తప్పకుండా నచ్చుతాయి. తెల్లవారుజామున కాలువ గట్టు మీద కొంగలు, వాన పడిన మన్ను వాసన, పక్కింటి పెద్దమ్మగారు గోడ మీదుగా అందించిన మునగాకు, పొద్దున్నే గేదె పాల కాఫీ. ఇప్పుడు చదివితే ఆ రాసినావిడ ఎవరో గానీ అదృష్టవంతురాలు అనిపిస్తుంది. వాటిలో అబద్ధం ఏమీ లేదు. కొంగలు ఉన్నాయి, కాఫీ బాగుంటుంది. దోమలున్నాయని, పునర్వసులో బావి పక్క కట్లపాము కనపడిందని, కరెంటు పోతే రాత్రంతా విసనకర్రే గతి అనీ కూడా రాశాను. ఆ పేజీలు మాత్రం మీ పిన్నికి ఫోన్లో చదవలేదు, అంతే.

పుస్తకం తీరు మారింది మఖ కార్తెలో.

పోయినేడు, అంటే 2023 ఆగస్టు నీకు గుర్తుండదు, బెంగుళూరులో మీకు ఏ నెలైనా ఒకటే. ఇక్కడ మాత్రం నెలంతా చినుకు లేదు. దేశం మొత్తానికీ 1901 నుంచి లెక్కలు ఉన్నన్నాళ్లలో అంత పొడి ఆగస్టు లేదని తర్వాత పేపర్లో వేశారు. "మఖ పుబ్బలు వరపైతే మహత్తర కాటకం" అని పెద్దవాళ్లు అనేవారట. ఆ మాట నాకు చెప్పింది మన పొలం కౌలుకి చేసే అబ్బాయి. అరుగు మీద కూచుని చెప్పి, "నేను యూరియా వేసింది ఏ రోజో మీరేమైనా రాసుకున్నారా పిన్నీ?" అని అడిగాడు. వెతికితే ఉంది. ఆ సాయంత్రం వాళ్లావిడ వచ్చి బీరకాయలు ఇచ్చి వెళ్లిందనీ, ఆయన పొలంలో యూరియా చల్లుతున్నాడని ఆమె చెప్పిందనీ రాసుకున్నాను. నేను రాసింది బీరకాయల కోసం. అతనికి పనికొచ్చింది యూరియా.

ఆ రోజు నుంచి కొంచెం వేరే రకంగా రాయడం మొదలుపెట్టాను. బ్యాంకులో ముప్పై ఏళ్లు లెడ్జర్లు రాసిన చెయ్యి కదా, దానికి అదే హాయి కూడా. వాన ఎప్పుడు పడింది, ఎంతసేపు పడింది. బోదెలోకి, అంటే పొలానికి నీళ్లు తెచ్చే పిల్ల కాలువలోకి, నీళ్లు ఎప్పుడొచ్చాయి, ఎప్పుడు ఆగాయి. కలుపు తీసిన వాళ్లకి కూలి ఎంత. మనం కొమ్మమూరు కాలువ కింద చివరి భూముల వాళ్లం. జూన్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలారని టీవీలో చూపించారు గానీ, పైవాళ్లందరి చేలూ తడిసి మన బోదె దాకా చేరేసరికి జూలై సగం దాటింది. ఇక్కడి వాళ్లు నాట్లు మానుకుని వెద పెట్టడం, అంటే గింజనే నేరుగా చేలో వేయడం, నేర్చుకున్నది ఇందుకేనట. నీళ్ల కోసం నారుమడి దగ్గర కూచుంటే అదును పోతుంది. మన పొలంలో ఉన్నది బీపీటీ, అదే సాంబ మసూరి, బాపట్లలోనే పుట్టి 1986లో రైతుల చేతికి వచ్చిన రకం. మీరు బెంగుళూరులో 'సోనా మసూరి' అని కొనే బియ్యంలో ఇది ఎంత కలుస్తుందో నాకు అనుమానమే. ఇంటికి రావడానికి అయిదు నెలలు పడుతుంది. అయిదు నెలల పంటకి నీళ్లు చిట్టచివర రావడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

చిత్త, స్వాతి కార్తెల పేజీలు నిండా ఆయిల్ ఇంజన్లే. పంట పొట్ట మీద ఉంది, కాలువ వంతు రాదు. మురుగు కాలువలో ఉన్న కాసిని నీళ్లని ఇంజన్ పెట్టి తోడుకున్నారు. డీజిల్ లీటరు దాదాపు వంద. రాత్రి రెండింటికి కూడా ఆ టకటకలు వినపడేవి. మీ నాన్న నిద్ర పట్టక లేచి, "రేపు వెళ్లి చూసొస్తాను" అనేవారు. చూస్తే ఏం లాభం, నీళ్లు రావు కదా అంటే విసుక్కునేవారు. చిన్నప్పుడు ఆయన కూడా వాళ్ల నాన్న వెంట ఆ గట్టు మీద లాంతరు పట్టుకుని కాపలా ఉన్నారట, పై రైతు గండి కొడతాడేమోనని. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు!

ఎలాగో పండింది. నవంబరు చివర కోతలు మొదలయ్యాయి. కొందరు కోసి పనలు చేలో పరిచారు, కొందరు ఇంకో నాలుగు రోజులు ఆగుదామన్నారు. డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. దాని గురించి నీకు అప్పుడే ఫోన్లో చెప్పాను, మన ఇంటి రేకుల షెడ్డు ఎగిరిపోవడం, రెండు రోజులు కరెంటు లేకపోవడం. అవి నువ్వు అడిగినవి కాబట్టి చెప్పాను. చేలో ఏం జరిగిందో నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. నిల్చున్న వరి పడిపోయి నీళ్లలో ఉంది. కోసిన పనలు తేలుతున్నాయి. తడిసిన గింజ మొలకెత్తకుండా లీటరు నీళ్లకి యాభై గ్రాముల ఉప్పు కలిపి పనల మీద కొట్టమన్నారు. ఆ రెండు రోజుల్లో ఊళ్లో కొట్లలో ఉప్పు అయిపోయింది. మోకాలి లోతు బురదలో ఆడవాళ్లు పనలు ఎత్తి గట్టు మీదికి చేర్చి, తిరగేసి, మళ్లీ తిరగేసి ఆరబెట్టారు. పడిపోయిన చేలల్లోకి మామూలు కోత మిషన్ దిగదు, చైన్ మిషన్ కావాలి. దానికి గంటకి ఎంత అడిగితే అంత.

ఇక లెక్క విను, ఎందుకంటే నేను చెప్పదలిచింది ఇక్కడే ఉంది. మంచి ఏడైతే మన పొలంలో ఎకరాకి ముప్పై బస్తాల పైన వస్తాయి, డెబ్బై అయిదు కిలోల బస్తా. ఈసారి ఇరవై రెండు దాటలేదు. ఆ ఏడు సర్కారు మద్దతు ధర మామూలు రకానికి క్వింటాలుకి 2,183 రూపాయలు, అంటే బస్తాకి 1,637. తేమ పదిహేడు శాతం లోపు ఉంటేనే ఆ ధర. తడిసి రంగు మారిన గింజకి తేమ అని కొంత, ముక్క అని కొంత, మొలక అని కొంత కోసి, బయట వ్యాపారి ఇచ్చింది చాలా తక్కువ. మనకి ఇవ్వాల్సిన కౌలు ఎకరాకి పద్దెనిమిది బస్తాలు. దుక్కి, విత్తనం, ఎరువు, డీజిల్, కూలి, మిషన్ అన్నీ అతనివే. ఇరవై రెండులో పద్దెనిమిది తీసేస్తే నాలుగు. ఆ తర్వాత దున్నకుండానే వేసిన మొక్కజొన్న మాత్రం కాస్త ఆదుకుంది.

సగం కౌలు వదిలేశాం. మీ నాన్న మొదటి మాటలోనే ఒప్పుకున్నారు, ఆయన్ని తప్పు పట్టకు. కానీ మార్చిలో పరిహారం వచ్చినప్పుడు అది మీ నాన్న ఖాతాలో పడింది. ఎందుకంటే రికార్డులో మన సర్వే నంబర్ల ఎదురుగా సాగుదారు కూడా మీ నాన్నే. ఆయన ఆ డబ్బు అదే రోజు తీసి అతనికి ఇచ్చేశారు. అతను తీసుకుని, "బాబాయ్ మంచోడు కాబట్టి సరిపోయింది" అన్నాడు. ఆ మాట నాకు రుచించలేదు. అది నిజమే కనక. బాబాయ్ మంచోడు కాకపోతే? ఊళ్లో అందరు బాబాయ్‌లూ ఇవ్వలేదు, నాకు తెలుసు. బ్యాంకులో పంట రుణం కూడా అతని పేరున పుట్టదు. బంగారం మీద కొంత, ఎరువుల కొట్లో అరువు కొంత, మిగిలింది వడ్డీకి.

ఆ రాత్రి నా పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. ప్రతి కార్తెలోనూ ఆ పొలం దగ్గర కనపడేది అతను, వాళ్లావిడ, వాళ్ల తమ్ముడు. మీ నాన్న కనపడేది గట్టు మీద, కండువాతో. గవర్నమెంటు కాగితం మాత్రం ఇంకో కథ చెబుతోంది.

అందుకని ఈ ఏడు మృగశిర పడగానే రైతు భరోసా కేంద్రానికి వెళ్లి అతనికి సాగుదారు హక్కు పత్రం మీద మీ నాన్న చేత సంతకం పెట్టించాను. 2019 చట్టం ప్రకారం అది పదకొండు నెలలకే. పంట మీద, పంట రుణం మీద, పరిహారం మీద అతనికి హక్కు వస్తుంది, భూమి మీద ఏ హక్కూ రాదు. గడువు అయ్యాక మళ్లీ మనం ఒప్పుకుంటేనే. మీ నాన్న సంతకం పెట్టడానికి పది రోజులు తటపటాయించారు. 1956 కౌలుదారీ చట్టం నాటి నుంచి ఈ ప్రాంతంలో కౌలుదారు పేరు కాగితం మీదికి ఎక్కితే పొలం పోయినట్టేనని ఒక భయం ఉంది. మీ తాతగారు పోయే ముందు కూడా "నోటి మాట చాలు, కాగితం వద్దు" అనే చెప్పారట. రైతు నాయకుడు ఎన్.జి. రంగాగారు రైతుల కోసం బడి పెట్టిన నిడుబ్రోలు మనకి ఆటోలో పావుగంట. అక్కడ కూడా ఇదే భయం. చట్టం తెలుగులో ఉన్న కాగితం తెచ్చి పేరా పేరా చదివి వినిపించాను. చివరికి "నీ ఉద్యోగం ఇంకా అయిపోలేదన్నమాట" అని పెట్టారు.

ఆ పొలం రేపు నీది. ఇప్పుడు దీనికి నీ సంతకం ఏమీ అక్కర్లేదు. అయినా మీ బావగారి వైపు వాళ్లు ఎవరైనా "మీ అమ్మానాన్నలు కౌలుదారుకి రాసిచ్చేశారట" అని ఫోన్ చేస్తే, ఏం రాసిచ్చామో నీకు ముందే తెలిసి ఉండాలి. మా తర్వాత ఈ పత్రం కొనసాగించడం, మానడం నీ ఇష్టం. నా ఇష్టం ఏమిటో మాత్రం చెప్పాను.

ఇంకొకటి. రెండేళ్లలో ఉద్యోగాలు మానేసి మీరూ ఇక్కడికే వచ్చేస్తామన్నావు. రండి, ఇల్లు పెద్దదే. కానీ నేను పంపిన ఫోటోలు చూసి మాత్రం రావద్దు. ఇక్కడ నాకు హాయిగా ఉన్న మాట నిజం, ఎందుకంటే నెల మొదట్లో మా ఇద్దరికీ పెన్షన్ పడుతుంది. వాన పడితే నాకు కాఫీ రుచి పెరుగుతుంది, ఎదురింట్లో టెన్షన్ పెరుగుతుంది. ఒకే వాన. ఆ పెన్షన్ లేకుండా, నలభై ఏళ్లకి, ఇద్దరు పిల్లలతో వచ్చేవాళ్లు ఏ ఆదాయం మీద బతుకుతారో ముందు అది కాగితం మీద వేసుకోండి. నన్ను అడిగితే ఏడాది పాటు నెలకోసారి వచ్చి ఉండండి, అదీ సంక్రాంతికి ఒక్కటే కాదు, మే నెలలో, పుబ్బలో కూడా.

పుస్తకం పోస్టులో పంపమన్నావు, పంపను. దాంతో ఊళ్లో పని పడుతోంది. మొన్న కూడా ఎవరో వచ్చి, పోయినేడు ఆరుద్రలో వాన ఎప్పుడు పడిందో చూడమన్నారు. ఇంకొకామె తన కూతురి పెళ్లికి అప్పు తెచ్చిన తేదీ నా దగ్గర ఉందేమోనని అడిగింది. ఉంది, ఆ రోజు ఆవిడే మా ఇంట్లో కూచుని ఏడ్చింది. ఆ పేజీ ఆవిడకి తప్ప ఎవరికీ చూపించను, నీకు కూడా. అలాంటి పేజీలు ఇంకొన్ని ఉన్నాయి, పిన్ను పెట్టి మూసేశాను. మిగతాదంతా నువ్వు వచ్చి చదువుకో.

దసరాకి టికెట్లు ఇప్పుడే చేసుకోండి, తర్వాత దొరకవు. అప్పటికి చిత్త కార్తె ఉంటుంది, చేలు పొట్ట మీద ఉంటాయి, పిల్లలకి చూపించవచ్చు. మీ నాన్న బీపీ మాత్రలు ఇక్కడి కొట్లో ఒక్కో నెల దొరకడం లేదు, మూడు నెలలకి సరిపడా తీసుకురా. పెద్దదానికి ఆవకాయ కారం ఎక్కువైందన్నావు కదా, దాని కోసం మాగాయ వేరే జాడీలో పెట్టాను.

మీ నాన్న ఆశీస్సులు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

అమ్మ