గుల్మార్గ్ పోయే అమ్మికి

అమ్మీ శైలూ,

ఎట్లుండావు? ఇక్కడ అందరం బాగుండాం. మీయమ్మ మోకాలు చలికి సతాయిస్తోంది, అంతే. ఉల్లిగడ్డ రేటు మళ్లీ పడింది, పెరికించను పొమ్మంటున్నాడు మీ చిన్నాయన. ఆదివారం నుంచి నువ్వు ఫోన్ ఎత్తలేదు. పనుంటుందిలే.

కాశ్మీర్‌లో స్కీలాడేందుకు గుల్మార్గ్ పోతుండావంట, పద్దు నీ స్టేటస్ చూసి చెప్పింది. వద్దనేందుకు రాయడం లేదు. మద్దిలేటి మామ కొడుకు కుప్వారా నుంచి లీవులో వచ్చినాడు, మాటల్లో ఊరికే మంచు సంగతి వచ్చింది. మంచు పొరలు పొరలుగా పడుతుందంట. అడుగు పొర పట్టులేని పలుకులైపోయి, దాని మీద గాలి తెచ్చి పేర్చిన గట్టి పొర ఉంటే, జొన్నల మీద ఏటవాలుగా పెట్టిన బేతంచెర్ల బండే. ఎక్కువసార్లు ఆ మంచును జార్చేది దాంట్లో చిక్కుకున్నోళ్లే, లేకుంటే వాళ్ల జట్టోళ్లే. 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే ఎక్కువ జారుతుందంట, స్కీలోళ్లకు ముద్దొచ్చేదీ ఆ వాలే. 2023 ఫిబ్రవరిలో మీరు పోయే అఫర్వాట్ కొండ మీదే మంచు జారిపడి ఇద్దరు పోలండ్ వాళ్లు చచ్చిపోయినారు. మీయమ్మకు ఇది చెప్పలేదు. ఆమెకు మంచు అంటే సియాచిన్‌లో పోయిన మన పార్నపల్లె జవాను ముస్తాకే గుర్తు.

మీ జట్టులో ఒకాయన ఏటా పోతాడంట, అంతా తెలుసంట. ఆ మాటే నాకు నచ్చలేదు. 2009లో మీ జేజినాయన ఏం చేసినాడు? అక్టోబర్ 2, ఊరంతా మిద్దెలెక్కుతోంది. ఈయన మంచం దిగడే! "పుట్టినప్పటి నుంచి చూస్తుండా, తుంగభద్ర మన గడపకు యాడొస్తుంది" అని బీడీ ముట్టించినాడు. బీడీ అయ్యేలోపల నీళ్లు మంచం కోళ్లకు తగిలినాయి. అప్పుడు ఎనుమును విప్పాలని పెరట్లోకి పోయినాడు. అది ఈదుకుంటూ ఎటో పోయింది, దాని పగ్గంతోనే ఖలీలూ నేనూ ఆయన్ను పైకి లాగినాం. రాత్రంతా బొరుగులు నములుతా డ్యామోళ్లను తిట్టినాడు గానీ, తన మాట తప్పని ఒప్పుకోలేదు. ఎనుము మూడో రోజు తానే ఇల్లు చేరింది, అది వేరే కథ.

అందుకే గొండోలా (తీగ మీద పోయే బండి) దిగినాక, కాపలా ఉండే హద్దు దాటి పోయేటట్టయితే, ఊరి గైడు లేకుండా పోవద్దు. బీకన్ (పూడుకున్నోళ్ల జాడ చెప్పే యంత్రం), ప్రోబు (మంచులో పొడిచి వెతికే పొడుగు కడ్డీ), పార మనిషికొకటి ఉండాల, వాడటం రావాల. మంచు కింద పూడుకున్నాక పదిహేను నిమిషాలు దాటితే ఆశ సన్నగిల్లుతుంది, తవ్వాల్సింది పక్కనున్నోళ్లే. పెద్ద మంచు పడి ఆగిన మర్నాడు ఎండ చూసి ఎగబడొద్దు. కాలి కింద ధబ్బుమన్నా, మంచు నెర్రె పారినా వెనక్కి తిరుగు. వాలు ఒక్కొక్కరే దాటండి. మంచు జారే ముప్పు చెప్పే సర్కారు సంస్థ, చండీగఢ్ డీజీఆర్ఈ వాళ్ల బులెటిన్ పొద్దున్నే చూడు. చెప్పకూడదనుకుంటూనే చెప్పేసినా.

బుడ్డల ఉండలు, ఉన్ని బనియన్ కొరియర్ వేసినా. రంగు బాగలేదని పక్కన పడేయొద్దు, లోపల ఎవరు చూస్తారు? గైడు నంబరు మీయమ్మకు పెట్టు. నాకు అక్కర్లేదు, ఆమెకే నిద్ర పట్టడం లేదు.

మీ నాయన
కర్నూలు