మన అధ్యయన సంఘం వార్షిక నివేదిక: ఆధునిక సమాజం, ఆధునికోత్తర సమాజం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం ఒకే అంశం పట్టుకుంది: ఆధునిక సమాజానికీ ఆధునికోత్తర సమాజానికీ తేడా ఏమిటి, అది విశాఖలో ఎక్కడ కనపడుతుంది? నెలకో సమావేశం, మధ్యలో వీధి పరిశీలనలు. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఖర్చులో పెద్ద వాటా జిరాక్సులదే.

మొదటి చిక్కు మాటతోనే వచ్చింది. ‘ఆధునికోత్తర’ అనగానే ‘అత్యాధునిక’ అనుకున్నవాళ్లు చాలామంది. ఆ రెండోది అపార్టుమెంటు హోర్డింగుల మీది మాట, దీనికీ దానికీ చుట్టరికం లేదు. ఇక్కడ ‘ఉత్తర’ అంటే తరవాత అని, అంతకన్నా మేలు అని కాదు. ఇంకో చిక్కు: ఆధునికోత్తర స్థితి వేరు, ఆధునికోత్తరవాదం వేరు. మొదటిది సమాజం ఎలా ఉందో చెప్పే వర్ణన, రెండోది కళల్లో, తత్త్వంలో ఒక ధోరణి. ఈ రెంటినీ కలిపేయడంతో రెండు సమావేశాలు కవిత్వ చర్చగా మారిపోయాయి.

పునాది పాఠాలు త్వరగానే అయ్యాయి. ఆధునిక సమాజంలో మనుషుల్ని కలిపి ఉంచేది ఒకేలా ఉండటం కాదు, ఒకరి పని మీద ఒకరు ఆధారపడటం అన్నది 1893లో ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త డర్క్‌హైమ్ వాదన. ఆచారం బదులు రాతలో ఉన్న నియమం అధికారాన్ని నడపడం జర్మన్ సమాజశాస్త్రవేత్త వెబర్ చూపిన లక్షణం. వీటికి ఉదాహరణలు మన ఊళ్లో వెతుక్కోనక్కర్లేదు. 1933లో ఓడరేవు, 1948లో ఇక్కడే నీళ్లలోకి దిగిన ‘జల ఉష’ ఓడ, 1966 ఉక్కు ఉద్యమం. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంలో రాజ్యం, కర్మాగారం, ప్రగతి, ‘మనం’ అన్నీ ఉన్నాయి.

1979లో ఫ్రెంచి తత్త్వవేత్త లియోటార్ ఆధునికోత్తర స్థితిని ‘మహాకథనాల మీద అపనమ్మకం’ అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ఇలాంటి ప్రగతి కథే. మహాకథనం అంటే పొడుగాటి కథ కాదు, మిగతా కథలకు న్యాయం చెప్పే కథ. ‘మా పొలం ఎందుకివ్వాలి?’ అని ఊరు అడిగితే ‘దేశం కోసం’ అన్న జవాబు చెల్లినంతకాలం ఆ కథ బతికున్నట్టే. జవాబు చెప్పేవాడికే దాని మీద నమ్మకం సడలితే మనం రెండో గట్టు మీద, అంటే ఆధునికోత్తరంలో ఉన్నాం.

పరిశీలన పద్ధతి కొత్త సభ్యుల కోసం మళ్లీ రాస్తున్నాం. ఒక చోటు, రెండు గంటలు, మూడు ప్రశ్నలు. టైము ఎవరు పెడుతున్నారు? ఎవరి మాట చెల్లుతోంది, ఏ బలంతో? ఏం చేస్తారని అడిగితే మనిషి ఏమని చెప్పుకుంటున్నాడు? కాగితానికి ఎడమ పక్క చూసింది, కుడి పక్క అనుకున్నది రాయాలి. ఎక్కువ షీట్లు చెడింది ఇక్కడే. ‘జనానికి ఫోను పిచ్చి’ అన్నది కుడి పక్కకు పోవాలి. బస్టాపులో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఎంతమంది చేతిలో ఫోను ఉంది అన్నదే ఎడమ పక్కకు.

ఉక్కు కర్మాగారం పక్కనున్న కూర్మన్నపాలెం షీట్లు సూటిగా వచ్చాయి. టైము షిఫ్టుది. రిటైరైన మనిషి కూడా ‘స్టీల్‌ప్లాంటు’ అనే చెప్పుకుంటాడు. సిరిపురం జంక్షన్లో డెలివరీ కుర్రాళ్ల షీట్లే తికమక పెట్టాయి. పైఅధికారి కనపడడు, కంపెనీ వాళ్లను ‘పార్ట్‌నర్’ అంటుంది, ఏం చేస్తావంటే ‘ప్రస్తుతానికి ఇది’ అని జవాబు. అచ్చం ఆధునికోత్తరమే అని చాలామంది టిక్కు పెట్టేశారు. కానీ మొదటి ప్రశ్న దగ్గర ఆగి చూస్తే, ఆర్డరు ఎత్తుకున్న నిమిషం నుంచి ఇచ్చే నిమిషం దాకా ఫోను లెక్కపెడుతూనే ఉంది. 1880ల్లో అమెరికన్ ఇంజనీరు టేలర్ స్టాప్‌వాచీతో మొదలెట్టిన పనే ఇది, ఫ్యాక్టరీ గేటు దాటి రోడ్డు మీదకొచ్చింది. గుర్తింపులో ఆధునికోత్తరం, అదుపులో పచ్చి ఆధునికం. అందుకే మూడు ప్రశ్నలకూ కలిపి ఒక్క టిక్కు పెట్టే పద్ధతి మానేశాం.

ఇదే కారణంతో సంఘంలో ఎక్కువమంది సమాజశాస్త్రవేత్తలు గిడెన్స్, బెక్‌ల వైపు మొగ్గారు. ఆధునికత అయిపోలేదు, తన ఫలితాలతో తానే తలపడుతోందని వాళ్ల వాదన. బెక్ ‘ప్రమాద సమాజం’ గురించి, అంటే తాను తెచ్చిపెట్టుకున్న ప్రమాదాలతోనే సతమతమయ్యే సమాజం గురించి రాసింది 1986లో. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్లాస్టిక్ కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ అనే విషరసాయనం ఆవిరి ఊరి మీద పడ్డాక ఆ అధ్యాయానికి ఇక్కడ వివరణ అక్కర్లేకపోయింది. ఘాటు ముక్కుకు తెలుస్తుంది, ఎంత మోతాదు అన్నది మీటరే చెప్పాలి. ప్రమాదం తెచ్చిందీ విజ్ఞానమే, కొలవాల్సిందీ అదే. నిపుణుల్ని నమ్మలేం, వదల్లేం. ఈ భాగానికి సమయం తక్కువ కేటాయించడం కార్యవర్గం పొరపాటు.

వచ్చే ఏడాది దీంతోనే మొదలుపెడతాం. పాత షీట్లు పారేయకండి, కుడి పక్క రాతలు తిరగరాయాలి.