వార్షిక నివేదిక 2024–25: పాత టూ-స్ట్రోక్ ఇంజిన్ల సంగతి

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. లైఫ్ జాకెట్ల పంపిణీ, బోట్ల బీమా రెన్యువల్ గడువులోపే అయిపోయాయి. ఈ ఏడాది సంఘానికి ఎక్కువ పని పెట్టింది పాత అవుట్‌బోర్డ్ ఇంజిన్ల (బోటు వెనక బయట తగిలించేవి) పరీక్షే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోట్లు ఒడ్డునుండే ఆ రోజుల్లోనే సెకండ్ హ్యాండ్ ఇంజిన్ల బేరాలు జోరుగా సాగుతాయి. కొనేవాళ్లు ముందు అడిగేది "ఏ సంవత్సరం మోడల్?" అని. దాన్నిబట్టి తేలేది తక్కువ. రోజూ వేటకెళ్లి, వచ్చాక మంచినీళ్లతో లోపల కడిగించుకున్న పాత యమహా ఎండ్యూరో, ఏళ్ల తరబడి షెడ్డులో మూలనపడ్డ ఇంజిన్ కంటే చాలాసార్లు నయం. వాడకపోతే ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ల పంపులోని ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు వంగినచోటే బిగుసుకుపోతాయి, కార్బురేటర్‌లో పెట్రోలు జిగురు కడుతుంది. "పెద్దగా వాడలేదండీ" అన్నారని ధర పెంచకండి.

పరీక్ష ఎప్పుడూ చల్లటి ఇంజిన్ మీదే మొదలవ్వాలి. మూత తీసి హెడ్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే మీరొచ్చేలోపే ఎవరో స్టార్ట్ చేశారన్నమాట. చల్లారేదాకా కూర్చోండి, మొహమాటం వద్దు. తర్వాత ఇంజిన్ని ఆపే కిల్ స్విచ్ క్లిప్పు లాగేసి, స్పార్క్ ప్లగ్గులు రెండూ విప్పి, సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ బిగించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి తాడు నాలుగైదుసార్లు లాగాలి. అంకె ఎంతన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, కిరసనాయిలు మోడళ్లలో తక్కువే ఉంటుంది. చూడాల్సింది రెండు సిలిండర్ల మధ్య తేడా. అది 10 శాతం దాటితే రింగులో, పిస్టనో, గాస్కెట్టో దెబ్బతిని ఉండొచ్చు.

గేర్ ఆయిల్ కింది స్క్రూ కూడా కాస్త వదులు చేయించండి. మజ్జిగలా తెల్లగా వస్తే సీలు పోయి ఉప్పునీరు లోపలికి దిగినట్టే. ఫ్యాన్ (ప్రొపెల్లర్) షాఫ్టుకు చుట్టుకున్న వల దారమే చాలాసార్లు ఆ సీలును కోస్తుంది. ఇంజిన్ కాలు (నీళ్లలో ఉండే కింది భాగం) మీద కొత్త పెయింటు మెరుస్తుంటే బోల్టు తలలు చూడండి, తుప్పు అక్కడ దాగదు. చివరికి నీళ్లలో పెట్టి నడిపితే వెనక నుంచి నీటిధార తెగకుండా రావాలి. రాకపోతే వెంటనే ఆపేయండి.

ఇంకో టెన్షన్ పెట్రోలుతో. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపింది వస్తోంది. అది తేమ పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని పాడుచేస్తుంది. పెట్రోలులో కలిపే మిక్సింగ్ ఆయిల్ 50:1 అంటే లీటరుకు 20 మి.లీ. మరీ పాతవాటికి ఇంకా ఎక్కువ కావాల్సి రావచ్చు, కంపెనీ పుస్తకం చూడాలి. 'ఇంజిన్‌కి మంచిది' అని చేతికొద్దీ పోస్తే ప్లగ్గులు మసిబారి సముద్రం మధ్యలో ఆగిపోతుంది.

ఈ వివరాలన్నీ రాసిన పరీక్ష కాగితం లేనిదే పాత ఇంజిన్ కొనడానికి తీసుకునే అప్పుకు సంఘం హామీ ఉండదని కమిటీ తీర్మానించింది. బేరం చెడిపోతుందని కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. కానీ అప్పు ఎగిరిపోతే మోసేది సంఘమే కాబట్టి తీర్మానం మార్చలేదు.

కంప్రెషన్ గేజ్ సంఘం ఆఫీసులో ఉంది. తీసుకెళ్లినవారు సాయంత్రానికి తెచ్చి ఇవ్వాలి, అడాప్టర్ పోగొడితే కొత్తది కొనివ్వాలి.

ఇట్లు,
కార్యదర్శి